కరవునకు ముందే వచ్చినవారు
న్యూఫౌండ్లాండ్ ఈశాన్య తీరమునకు ఆవల, ఫోగో ద్వీపమునందలి టిల్టింగ్ గ్రామములో కర్రకంచెలు బంగాళాదుంపల మడుల చుట్టును కట్టబడును; ఆవులు, గుఱ్ఱములు మాత్రము పూర్వకాలమున ఊరంతట యథేచ్ఛగా తిరుగుచుండెడివి. ఐరిష్ వలస యనగానే 1845 నాటి దుర్భిక్షమును, ఆకలితో ఓడలెక్కిన అభాగ్యులను స్మరించుట మనకు పరిపాటి; కాని యీ గ్రామమున ఐర్లండువారు స్థిరపడుట పదునెనిమిదవ శతాబ్ది మధ్యభాగమందే, ఆ కరవునకు సుమారు నూరేండ్లు ముందుగనే, ఆరంభమైనది. ఇంగ్లీషు వర్తకుల నౌకలు ఐర్లండునందలి వాటర్‌ఫర్డ్ రేవున ఆగి, ఉప్పుమాంసముతోపాటు కూలీలను గూడ ఎక్కించుకొని కాడ్ చేపల వేటకు పోవుచుండెడివి. ఒప్పందము ముగిసిన పిమ్మట తిరిగిపోనివారే క్రమముగా అచ్చటి గృహస్థులైరి. కూలికి వచ్చి కాపురము పెట్టినవారుగా వీరిని తలచినప్పుడే, నా మట్టుకు, తక్కిన కథ బోధపడినది: సరకులు అప్పిచ్చి, పట్టిన చేపలతో జమకట్టుకొను వర్తకునివలన రొక్కము కంటబడని యీ జాలరులు, వేసవి పొడుగునను చేపల నెండబెట్టుచు, పలుచని మంటిలో దుంపలు పండించుచు, అవసరమైనచో పదిమందియు త్రాళ్లు పట్టి యింటికి యిల్లే లాగి వేరొకచోట నిలిపెడివారు. అట్టివారికి ఊరు విడుచుట సులభమని యెవ్వరైన భ్రమపడవచ్చును! 1950ల నుండి చిన్న రేవుపల్లెల నెత్తివేయు ప్రభుత్వ పథకములు వచ్చినను, ఫోగో ద్వీపవాసులు కదలక, 1960ల చివర తమ సహకారసంఘము నేర్పరచుకొనిరి. కెనడా ప్రభుత్వము టిల్టింగ్‌ను జాతీయ చారిత్రక స్థలముగా గుర్తించినది 2003లో. మిక్కిలి ఆలస్యముగా గుర్తించినదనియే నా అభిప్రాయము.