గాలి లేని చోట ఈక

పిల్లలు ఫోను వదలడం లేదనీ, ఎప్పుడు చూసినా ఏదో ఒక వీడియోలో మునిగి ఉంటున్నారనీ తల్లిదండ్రులు తరచుగా మా వద్ద వాపోతుంటారు. ఎన్ని గంటలు చూస్తున్నారన్న లెక్క అవసరమే. అయితే మేము ముందుగా అడిగేది మరొకటి. ఫోను పక్కన పెట్టాక పిల్లవాడు మిమ్మల్ని ఏదైనా ప్రశ్న అడిగాడా? అడిగి ఉంటే ఆ వీడియో తన పని చేసినట్లే. చూసినంతసేపూ కళ్ళప్పగించి, ఆ పైన ఏమీ అడగకుండా పడుకున్నాడంటే అది వినోదం మాత్రమే. దానికి విద్య అని పేరు పెట్టినా ఒరిగేదేమీ లేదు.

ఒకటిన్నర నిమిషమైనా పట్టని ఒక పాత దృశ్యం ఉంది. 1971 ఆగస్టు 2న అపోలో 15 యాత్ర నాయకుడు డేవిడ్ స్కాట్ చంద్రుని నేలపై కెమెరా ముందు నిలబడ్డాడు. కుడిచేతిలో సుమారు 1.3 కిలోల సుత్తి, ఎడమచేతిలో ఒక డేగ ఈక. వారు దిగిన వాహనం పేరు ఫాల్కన్, అంటే డేగ. అందుకే ఆ ఈక. రెండింటినీ ఒక్కసారిగా వదిలాడు. రెండూ ఒకే క్షణంలో దుమ్మును తాకాయి. బొమ్మ మసకగా ఉంటుంది, నేపథ్య సంగీతం లేదు, వ్యాఖ్యాత కేకలూ లేవు.

మా మద్రసాలో అస్ర్ నమాజు తరువాత పెద్ద విద్యార్థులకు దీనిని చూపించాము. చూపించే ముందు, ఏది ముందు పడుతుందో చెప్పమన్నాము. ఒకరిద్దరు తప్ప అందరూ సుత్తి అన్నారు. చూసిన తరువాత వాదన మొదలయింది. చంద్రునిపై బరువు తక్కువ గనుక అలా జరిగిందని ఒకడు, కాదు, అక్కడ గాలి లేదని మరొకడు. ఇంతలో ఒక కుర్రవాడు నోటు పుస్తకం నుండి రెండు కాగితాలు చింపాడు. ఒకదానిని ఉండగా నలిపి, రెండవదానిని అలాగే ఉంచి, రెండింటినీ వదిలాడు. ఉండ నేరుగా పడింది, కాగితం ఊగుతూ దిగింది. బరువు ఒక్కటే, దిగిన తీరు వేరు. ఇక ఆ వాదనలో మేము కలుగజేసుకోవలసిన అవసరం రాలేదు.

మరునాడు వారిలో ఒకడు మెల్లగా మా వద్దకు వచ్చాడు. “హజ్రత్, చంద్రునిపై గాలి లేకపోతే శబ్దం కూడా వినపడదు కదా. మరి అక్కడ నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అజాన్ విన్నాడని అంటారే, ఎలా?” అని అడిగాడు. ఇంట్లో ఇదే ప్రశ్న వేసి దెబ్బలు తిన్నాడట.

ఆ కథ మన సమాజంలో ఏళ్ళ తరబడి తిరుగుతోంది. ఇప్పుడు వీడియోల రూపంలో, కంటతడి పెట్టించే సంగీతంతో, మరింత వేగంగా తిరుగుతోంది. అది నిజం కాదు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఇస్లాం స్వీకరించలేదని 1983లో అమెరికా విదేశాంగ శాఖ తన రాయబార కార్యాలయాలకు తెలియజేసింది. ఆయన కూడా ఆ వార్తను ఖండించాడు. ఆ పిల్లవాడి ప్రశ్నలో ధిక్కారమేమీ లేదు. మదరసాలలో హదీసు విద్య చదివిన మాబోటి వారికి నేర్పిన మొదటి పాఠమే అది: ఈ మాట ఎవరు చెప్పారు, ఆయన ఎవరి నోట విన్నారు, ఆ ఇద్దరూ కలుసుకున్నారా, చెప్పినవాడు నమ్మదగినవాడా? ఒక్క ఉల్లేఖకుని జాడ తెలియకపోయినా పరంపర బలహీనమని పక్కన పెట్టిన పండితుల వారసులం మనం. ఎవరు తయారుచేశారో తెలియని వీడియోను మాత్రం ‘సుబ్‌హానల్లాహ్’ అని రాసి పదిమందికి పంపుతాము!

పిల్లలకు వీడియో ఎంచి ఇచ్చేటప్పుడు మేము చూసేది ఇదే. వింత చెప్పి ఊరుకున్నదా, ఆ వింత ఎలా తెలిసిందో కూడా చూపించిందా? క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్‌ను గురించిన వీడియోలు ఎన్నో ఉన్నాయి. ఎక్కువభాగం ఆయనను పొగడి ముగిస్తాయి. ఆయన చేసిన పనిని చూపేవి మేలు. చీకటి గది, దానికొక రంధ్రం, బయట వరుసగా దీపాలు. లోపలి గోడ మీద ఎన్ని దీపాలకు అన్ని వెలుగు మచ్చలు. ఒక దీపాన్ని మూస్తే దాని మచ్చ ఒక్కటే మాయమవుతుంది. కాంతి కిరణాలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా తిన్నగా వస్తాయని ఆయన చూసి చెప్పాడు. ఇది చూసిన పిల్లవాడు చెప్పుల అట్టపెట్టెకు సూదితో రంధ్రం చేసి, ఎదుటి వైపు నూనె కాగితం అతికించి, కిటికీని తలక్రిందులుగా చూడగలడు. పొగడ్త విన్న పిల్లవాడు ఏమి చేయగలడు?

మరొక మాట. మన ఇళ్ళలో ఫోను అన్న చేతిలో ఉంటుంది, ప్రశ్న చెల్లెలి దగ్గర ఉంటుంది. ఆమె అడిగినప్పుడు “నీకెందుకు?” అనే నోరు మాత్రం ఇంటినిండా ఉంటుంది. వీడియో చూపిస్తే ఇద్దరినీ కూర్చోబెట్టి చూపించండి.

ఈ నెల మీ ఇంట్లో చేయడానికి ఒకటి చెబుతాము. పది రూపాయల నాణెం కంటే కొంచెం చిన్నదిగా గుండ్రని కాగితం కత్తిరించండి. ముందు నాణేన్నీ కాగితాన్నీ విడివిడిగా వదలండి. తరువాత కాగితాన్ని నాణెం మీద పెట్టి, నాణెం బల్లపరుపుగా ఉండేట్లు పట్టుకుని వదలండి. ఈసారి కాగితం వెనుకబడదు, నాణెంతో పాటే నేల చేరుతుంది. అక్కడ జిగురు లేదు, చంద్రుడు లేడు, గాలి ఉండనే ఉంది. ఎందుకని పిల్లలు అడిగితే వెంటనే జవాబు చెప్పకండి. రెండు రోజులు ఆలోచించనివ్వండి.