కుర్చీ వెనక నిలబడే క్యూ

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు" అని మన సామెత. పంక్తి ప్రకృతి, బంతి వికృతి అని తరగతిలో చెప్పేటప్పుడు ఈ సామెత వినగానే పిల్లలు నవ్వుతారు. కడబంతిలో కూర్చున్నవాడికి కనీసం ముందు ఒక ఆకైనా ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు రద్దీ హోటల్లో నిలబడ్డవాడికి అదీ ఉండదు.

బదిలీల ఉద్యోగం కాబట్టి అస్సాం నుంచి తమిళనాడు దాకా చాలా ఊళ్ళ హోటళ్ళలో తిన్నాను. భాష మారుతుంది, పప్పు రుచి మారుతుంది. ఒక్క దృశ్యం మాత్రం మారదు. తింటున్న మనిషి కుర్చీ వెనక ఇంకొకరు నిలబడి, పెరుగన్నం దాకా వచ్చాడా లేదా అని తొంగి చూస్తుంటారు. తినేవాడికి ముద్ద దిగదు, నిలబడ్డవాడికి ఏదో సిగ్గుగా ఉంటుంది. చివరికి బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు, ముందుగా చెయ్యి వేసినవాడిదే కుర్చీ.

ఇలా అయితేనే పని త్వరగా అవుతుందని చాలామంది నమ్మకం. లెక్క వేసి చూద్దాం. పది నిమిషాలకొక కుర్చీ ఖాళీ అవుతోందనుకోండి. ముగ్గురు ఎదురుచూస్తున్నారు, నాలుగోవాడు ఇప్పుడే లోపలికి వచ్చాడు. వచ్చిన వరుసలో కూర్చుంటే వాళ్ళు ఆగేది 10, 20, 30, 40 నిమిషాలు. మొత్తం 100. ఆ నాలుగోవాడే చురుగ్గా మొదటి కుర్చీ పట్టేశాడనుకోండి. అతనికి 10, మిగతా ముగ్గురికి 20, 30, 40. మొత్తం మళ్ళీ 100! హోటల్ ఒక్క నిమిషం కూడా వేగంగా నడవలేదు. అతనికి మిగిలిన 30 నిమిషాలు మిగతా ముగ్గురి దగ్గర తలా పది చొప్పున తీసుకున్నవే. ఆ ముగ్గురూ ఎవరు? చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి, కర్ర పట్టుకుని నడిచే తాత, ఆ ఊరి భాష రాని కొత్త మనిషి. బదిలీ అయి వెళ్ళిన ప్రతిసారీ ఆ మూడో మనిషిని నేనే.

వరుసల గురించి గణితంలో ఒక శాఖే ఉంది. క్యూయింగ్ సిద్ధాంతం అంటారు. డెన్మార్క్‌కు చెందిన ఎర్లాంగ్ కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ 1909లో దీనికి పునాది వేసిన వ్యాసం ప్రచురించాడు. ఇన్ని కాల్స్ వస్తే ఎన్ని లైన్లు కావాలి అన్నది ఆయన ముందున్న చిక్కు. కాల్ బదులు మనిషి, లైను బదులు కుర్చీ అనుకుంటే అది మన హోటలే.

బిల్లు కౌంటర్ సంగతి చూడండి. ఒక్కొక్కరి పనికి సగటున ఒక నిమిషం పడుతుంది. జనం గడియారం చూసుకుని రారు, తోచినప్పుడు వస్తారు. కొందరి పని చిటికెలో అవుతుంది, కొందరు చిల్లర వెతుక్కుంటారు. అలాంటి చోట గంటకు 48 మంది వస్తే, ఒక్కొక్కరు గడిపేది సగటున 5 నిమిషాలు. 54 మంది అయితే 10 నిమిషాలు. 57 అయితే 20! పెరిగింది తొమ్మిదిమందే, సమయం మాత్రం నాలుగింతలైంది. "ఇవాళ జనం విరగబడ్డారు" అని క్యాషియర్ విసుక్కుంటాడు గానీ, నిజానికి అతనికి ఊపిరి తీసుకునే ఖాళీ పోయింది, అంతే. రద్దీ గంటలో ఇంకొక మనిషిని కూర్చోబెట్టి, రెండు కౌంటర్లకూ కలిపి ఒకే వరుస పెట్టాలి. వేర్వేరు వరుసలు పెడితే ఎప్పుడూ పక్క వరుసే కదులుతుంది.

కుర్చీలకూ అంతే. తలుపు దగ్గర ఒక పుస్తకం పెట్టి పేరు, ఎంతమంది అన్నది రాసుకుని, సుమారు ఎంతసేపు పడుతుందో చెబితే చాలు. నగరాల్లో కొన్ని హోటళ్ళు ఈ పని చేస్తూనే ఉన్నాయి. "ఒక్కొక్కరు ఒక్కోలా తింటారు, సమయం ఎలా చెప్తామండీ?" అని యజమానులు అడగవచ్చు. సగటు తెలిస్తే చాలు. 48 కుర్చీలుండి, ఒక్కొక్కరు సగటున అరగంట కూర్చుంటే గంటకు 96 మంది తింటారు. మీ ముందు 16 మంది ఉంటే సుమారు పది నిమిషాలు.

చిక్కల్లా ఒక్కచోటే. నలుగురు కూర్చునే బల్ల ఖాళీ అయింది. వరుసలో ముందున్న ఒంటరి మనిషికి ఇవ్వాలా, వెనకున్న కుటుంబానికా? కుటుంబానికి ఇస్తే కుర్చీలు వృథా కావు, ఒంటరివాడికి కడుపు మండుతుంది. ఒంటరివాళ్ళకు ఒక జాబితా, కుటుంబాలకు ఒక జాబితా పెట్టి, ఆ సంగతి బోర్డు మీద రాస్తే నాకు అభ్యంతరం లేదు. చెప్పకుండా దాటించడమే నాకు నచ్చనిది.

11వ తరగతి పిల్లలు ఒక ఆదివారం ఉదయం మీ వీధి టిఫిన్ సెంటర్ ఎదుట నోటుపుస్తకం పట్టుకుని గంటసేపు కూర్చోండి. ఎంతమంది వస్తున్నారు, ఒక్కొక్కరు ఎంతసేపు ఉంటున్నారు, ఐదు నిమిషాలకోసారి లోపల ఎంతమంది ఉన్నారు అన్నవి రాయండి. గంటకు 60 మంది వచ్చి, ఒక్కొక్కరు సగటున 20 నిమిషాలుంటే, లోపల సగటున 20 మంది ఉండాలి. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇది. మీ అంకెలు దీనికి ఎంత దగ్గరగా వస్తాయో చూడండి. ఏం రాస్తున్నారని యజమాని అడిగితే పుస్తకం చూపించండి. ఇడ్లీ పెట్టిస్తే వద్దనకండి.