సాలగ్రామానికి చేతులు

విదేశంలో వున్న మా మేనల్లుడు పోయిన సెలవుల్లో మా పిల్లకొక బొమ్మ తెచ్చాడు. దూది కూరిన మెత్తని బొమ్మ. పొట్టేలు కొమ్ములాగ చుట్టుకున్న గుల్ల, దాని నోట్లోంచి వ్రేలాడే చేతులు, రెండు గుడ్లకళ్ళు. "నత్తా యిది?" అంటే, "కాదు మామా, అమ్మోనైటు. 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట డైనోసారులతోబాటు అంతరించిన సముద్రజీవి" అన్నాడు. ఆ రాత్రే నేను పిల్లతో, అవ్వ పూజించే సాలగ్రామంలో చక్రం కూడా దీని గుల్లేనని చెప్పి వూరుకున్నాను. చెప్పకుండా వుండవలసింది.

తరువాతి ఆదివారం తిరువళ్ళూరులో రైలెక్కి తిరుత్తణిలో మా అమ్మను చూడబోయాము. పిల్ల చంకలో బొమ్మ. అమ్మ మడికట్టుకొని సాలగ్రామానికి అభిషేకం చేస్తున్నది. మా తాతగారినాటి సాలగ్రామం. నల్లగా, నున్నగా వుంటుంది, ఒక ప్రక్క విచ్చినచోట చక్రం కనబడుతుంది. పిల్ల గడపదగ్గిర నిలబడి, "అవ్వా! నీ స్వామికి చేతులు యేమైనాయి? నా బొమ్మకున్నాయే!" అన్నది.

నాకు గుండె జల్లుమన్నది. మాట మార్చబోయాను. "నువ్వే గదా నాయనా చెప్పినావు" అని పిల్ల నావైపు చూసింది. ఇక దాచేదేముంది?

చెప్పాను. సాలగ్రామాలు దొరికే కాళీగండకి నేపాలంలో ముక్తినాథ్ ప్రక్కగా పారుతుంది. హిమాలయాలు లేవకముందు అక్కడ టెథిస్ అనే సముద్రముండేది. దాని అడుగు బురదలో కప్పడిపోయిన గుల్లలు రాయియై, కొండలతోబాటు పైకి లేచి, నది కోతకు బయటపడుతున్నవి. వాటి వయస్సు సుమారు 15 కోట్ల యేండ్లు. గుల్లనిండా గదులు, జీవి చివరి గదిలోనే కాపురం. పెరిగినకొద్దీ వెనుక గోడ కట్టుకొని ముందుకు జరిగేది, విడిచిన గదులలో వాయువు నింపుకొని తేలేది. మన చేపలంగళ్ళలో కణవాయి అంటారే, అది దీనికి దూరపు చుట్టం. మన రాష్ట్రంలోనూ లేకపోలేదు: అరియలూరు ప్రాంతపు అమ్మోనైట్లను గురించి స్టొలిచ్కా అనే శాస్త్రజ్ఞుడు 1860లలోనే పెద్ద గ్రంథం వ్రాశాడు. ఆ పేరుకూడా దేవుడిదే, పొట్టేలు కొమ్ములుగల ఈజిప్టు అమ్మోన్ దేవుడిది. (ఇది అమ్మకు చెప్పలేదు. అప్పటికే యెక్కువ చెప్పాననిపించింది.)

అమ్మ చేతిలో తులసిదళం అట్లాగే వుంది. కొంతసేపటికి, "వజ్రకీటం తొలిచి చక్రం చేస్తుందని మా అత్తగారు చెప్పేది" అన్నది.

అక్కడ ఆగిపోతే నాకు సులువు. కాని పురుగు రాయిని తొలచడం వేరు, జీవి గుల్లే రాయి కావడం వేరు. అదీ చెప్పాను.

"అయితే యిది దాని యిల్లన్నమాట" అని, పిల్లను గడపవతలే నిలబెట్టి, బొమ్మను పైకెత్తి చూపమన్నది. అటు బొమ్మను, యిటు సాలగ్రామాన్ని చాలాసేపు చూసింది. "కండ్లు యిట్లాగే వుండేవా?"

"ఎవరికి తెలుసమ్మా? మెత్తని శరీరం రాయిలో మిగలడం బహు అరుదు. ఆ కండ్లు బొమ్మ కుట్టినవాళ్ళ వూహే."

ఏమీ అనకుండా అభిషేకం ముగించి నైవేద్యం పెట్టింది. ఆమె మనసులో యేమున్నదో అడిగే ధైర్యం నాకు చాలలేదు. భోజనాల దగ్గిర కూడా ఆ మాట యెత్తలేదు.

రాత్రి అక్కడే వుండిపోయాము. తెల్లవారి చూద్దును గదా, రోజూ ఒక ఉద్ధరిణెడు నీళ్ళు పోసే అమ్మ ఒక చెంబు నిండా పోస్తున్నది. ఎందుకమ్మా అంటే, "సముద్రంలో పుట్టింది గదరా" అన్నది.