అల లేని చోట ఆగండి!

కిందటి ఆదివారం సాయంత్రం శామీర్‌పేట చెరువు కట్ట మీద చల్లగాలికి నిలబడి వున్నాను. నలుగురు కుర్రాళ్ళు రెండు బైకుల మీద వచ్చారు. మాటల్ని బట్టి మేడ్చల్ వైపు వాళ్ళేనని తెలిసింది. ఒకడి చంకలో నిలువెత్తు థర్మాకోల్ పలక! ఏ పెళ్ళి మంటపం డెకరేషన్‌లో మిగిలిందో మరి. దాన్ని నీళ్ళ అంచున తేల్చి, ఒకడు దానిమీద మోకాళ్ళు వంచి, చేతులు చాపి నిలబడాలి. ఇంకొకడు వెనకనుంచి పడిపోకుండా పట్టుకోవాలి. మూడోవాడు నీళ్ళు ఎగజల్లాలి. నాలుగోవాడు ఫోన్‌లో తీయాలి. అదీ స్క్రీన్‌ప్లే! ఇంగ్లీషు సినిమాల్లో హీరోలు పలక మీద నిలబడి అలల మీంచి జారిపోతుంటారే, సర్ఫింగ్ అంటారే... ఆ షాటన్నమాట.

"ఈత వచ్చా తమ్ముడూ?" అన్నాను.

"రాదంకుల్. ఏం గాదు, గీడ మోకాల్లోతే!"

"ఇంకో నాలుగడుగులు ముందుకేస్తే?"

"ఏమో తెల్వదు. అయినా నీళ్ళు కదుల్తనే లేవు గద!"

ఆ ఆఖరి మాట దగ్గరే నా గుండె కలుక్కుమంది. ఎందుకంటే ఇంచుమించు అదే మాట నేనూ అన్నాను. ఎక్కడో తెలుసా? పసిఫిక్ మహాసముద్రం ఒడ్డున! ఈ వారం కబురు అదే.

★

మేడ్చల్‌లో పుట్టినవాడికి సముద్రం ఎక్కడిది? బస్సెక్కి సికింద్రాబాద్ వెళ్ళి, టిక్కెట్టు కొనుక్కుని, చీకట్లో కూర్చుంటే కనిపించేదే మా సముద్రం. 1978లో బాలచందర్ గారి 'మరో చరిత్ర' వచ్చింది. కమల్‌హాసన్, సరిత, విశాఖ, భీమిలి... అబ్బ! సినిమా నలుపు తెలుపు కావడంతో సముద్రం రంగు బూడిద రంగేనని చాన్నాళ్ళు నమ్మినవాణ్ణి నేను. నవ్వకండి. తెరమీద చూసిన సముద్రానికి చలి వుండదు, లోతు వుండదు, ఉప్పు వుండదు. అందమొక్కటే వుంటుంది.

అలాంటి నేను నిరుడు అమెరికా వెళ్ళాల్సి వచ్చింది. మా అక్క కొడుకు కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో వుంటాడు. కంప్యూటర్ ఉద్యోగం. వాడూ మేడ్చల్ నీళ్ళు తాగి పెరిగినవాడే. తీరిక దొరికితే చాలు, పలక పట్టుకుని సముద్రంలోకి దిగుతున్నాడని అక్కకి ఎవరో చెప్పారు. ఇక ఏడుపే ఏడుపు. "ఎట్లా పోతున్నవు గద, వానికి జెర బుద్ధి చెప్పి రారా" అని నన్ను పంపింది. అంటే, పాఠకులారా, నేను వెళ్ళింది సర్ఫింగ్ చూడ్డానికి కాదు... మాన్పించడానికి!

వాడు నా ఉపన్యాసమంతా విన్నాడు. "మామా, ఒక్కసారి వచ్చి చూడు. చూసినంక గూడ వద్దంటే మానేస్త" అన్నాడు. సరేనన్నాను.

శాన్‌ఫ్రాన్సిస్కోకి దక్షిణాన పసిఫికా అని చిన్న వూరు. అక్కడ లిండా మార్ అనే తీరం. రెండు కొండల నడుమ నెలవంకలాగా వంగిన ఇసుక. సెలవు రోజుల్లో జనం కిటకిటలాడతారట గాని మేం వెళ్ళింది వారం మధ్యలో, తెల్లవారగట్ల. నీళ్ళల్లో పదిమంది కూడా లేరు. మంచు కమ్మేసి వుంది. ఆకాశం బూడిద, ఇసుక బూడిద, నీళ్ళు బూడిద. నా నలుపు తెలుపు సినిమా సముద్రం మళ్ళీ ఎదుట నిలబడ్డట్టే అనిపించింది!

వంగి నీళ్ళల్లో చెయ్యి పెట్టాను. పెట్టి వెంటనే తీసేశాను. చెయ్యి నాదేనా అని అనుమానం వచ్చింది. విశాఖలో సముద్రం 25 నుంచి 30 డిగ్రీల మధ్య గోరువెచ్చగా వుంటుంది. ఇక్కడ ఏడాది పొడుగునా 10 నుంచి 15 డిగ్రీలే. నీరు గాలికంటే ఇంచుమించు 25 రెట్లు వేగంగా ఒంట్లోంచి వేడిని లాగేస్తుందట. మరి వీళ్ళు గంటలకొద్దీ ఎలా వుంటున్నారు?

దానికో రబ్బరు దుస్తు వుంది. వెట్‌సూట్ అంటారు. 1950ల మొదట్లో బర్కిలీలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతికశాస్త్రవేత్త ఆ ఆలోచన చేశాడు. 1952లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జాక్ ఓనీల్ అనే ఆసామి సర్ఫింగ్ సామాన్ల దుకాణం తెరిచి, ఆ తర్వాత చలినీళ్ళ కుర్రాళ్ళందరికీ ఆ దుస్తుల్ని అలవాటు చేశాడు. చిత్రమేమిటంటే, అది నీళ్ళని లోపలికి రానివ్వని దుస్తు కాదు. కొద్దిగా రానిస్తుంది. ఆ పల్చటి నీటిపొర ఒంటి వేడికి వెచ్చబడి అక్కడే నిలుస్తుంది. రబ్బరులో సన్నని గాలిబుడగలుంటాయి. అవి ఆ వెచ్చదనాన్ని బయటికి పోనివ్వవు. వినడానికి బాగానే వుంది గాని, తొడుక్కోవడం వుందే... జానపద చిత్రంలో రాజుగారికి రెండు సైజులు చిన్న కవచం తొడిగినట్టే! మేనల్లుడు వెనకనుంచి లాగుతుంటే నేను ఇసుకలో గంతులేశాను. అదృష్టవశాత్తూ కెమెరా లేదు.

★

ఇక దిగుతాం అనుకున్నాను. వాడు కదల్లేదు. "కూర్చో మామా. అరగంట చూడాలె" అన్నాడు.

అరగంట సముద్రాన్ని చూడ్డమేమిటి? అదేనట మొదటి పాఠం. అలలు ఒంటరిగా రావు, గుంపులుగా వస్తాయి. కాసేపు చిన్నవి, ఉన్నట్టుండి వరసగా నాలుగైదు పెద్దవి. అవి పుట్టింది అక్కడ కాదు. ఎక్కడో అలాస్కా వైపు తుపాను గాలికి పుట్టి, మూడు నాలుగు రోజులు వేలకొద్దీ మైళ్ళు ప్రయాణం చేసి వస్తాయి. గాలి ఎంత జోరుగా, ఎంతసేపు, ఎంత దూరం నీటిమీద వీస్తే అల అంత బలంగా వుంటుంది. మన శామీర్‌పేట చెరువుకి ఆవలి ఒడ్డు కంటికి కనిపిస్తూనే వుంటుంది. గాలి పరుగెత్తడానికి చోటేదీ? అందుకే చెరువులో సర్ఫింగ్ అల పుట్టదు. లోతైన నీటిలోంచి వచ్చిన అల ఒడ్డు దగ్గర మెరకెక్కగానే, దాని కాలు నేలకి తగిలి వేగం తగ్గుతుంది. తల మాత్రం ముందుకే వస్తుంది. నీటి లోతు అల ఎత్తుకు ఇంచుమించు ఒకటింపావు రెట్లకి తగ్గితే తల వాల్చేస్తుంది. అదే మనం తెరమీద చూసే నురగల షాటు. లిండా మార్ లాంటి వాలు తక్కువ ఇసుక నేలమీద ఆ వాలడం నెమ్మదిగా జరుగుతుంది. పడ్డా కింద రాయి లేదు. అందుకే కొత్తవాళ్ళు అక్కడ నేర్చుకుంటారు.

"ఇప్పుడు చెప్పు మామా, నువ్వయితే యాడ దిగుతవు?" అన్నాడు వాడు.

ఇదేం పెద్ద ప్రశ్న! అటు అలలు, ఇటు అలలు. మధ్యలో ఓ బాటలాగా నీళ్ళు నున్నగా, నిశ్చింతగా వున్నాయి. నురగ లేదు, చప్పుడు లేదు. "అక్కడ. నీళ్ళు కదలడమే లేదుగా" అన్నాను ధీమాగా.

వాడు నవ్వలేదు. "మామా... చచ్చేది ఆడనే" అన్నాడు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. అలలు ఒడ్డుకి తెచ్చిపోసిన నీరంతా తిరిగి వెళ్ళాలి కదా? ఇసుక మేటల మధ్య లోతైన సందు ఎక్కడ దొరికితే అక్కడ కాలవలాగా వెనక్కి పారుతుంది. అక్కడ లోతెక్కువ గనకే అల విరగదు. అల విరగదు గనకే నున్నగా కనిపిస్తుంది. రిప్ కరెంట్ అంటారు. జోరుగా వున్నప్పుడు అది సెకనుకి 2 మీటర్లు దాటి కూడా లాగుతుంది. ఒలింపిక్ ఈతగాడు ఎదురీదినా ఓడిపోతాడు. కిందికి లాగదు, లోపలికి లాగుతుంది. చిక్కుకున్నవాడు భయంతో ఒడ్డుకేసి ఎదురీది, అలిసి మునుగుతాడు. చిక్కుకుంటే చేయాల్సింది తేలుతూ చెయ్యి ఊపడం, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ బాట దాటడం, దాటాక అలలతోపాటు వెనక్కి రావడం. ఈత రానివాడికి ఇందులో ఏదీ సాధ్యం కాదు. అందుకని వాడు చేయాల్సింది ఒక్కటే: దిగకపోవడం! ఇది అమెరికా సముద్రం సంగతే కాదు. మన విశాఖ తీరంలోనూ ఇలాంటి ప్రవాహాలున్నాయి.

నన్ను నడుంలోతు దాటనివ్వలేదు మేనల్లుడు. ముఖానికి నీళ్ళు తగలగానే ఊపిరి దానంతటదే ఎగబీల్చుకుపోయింది. మొదటి నిమిషం నా ముక్కూ నోరూ నా మాట వినలేదు. చన్నీళ్ళలో మంచి ఈతగాళ్ళు కూడా మునిగేది ఆ నిమిషంలోనేనట. తల నీళ్ళల్లో వుండగా ఊపిరి ఎగబీలిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? నిమ్మళించాక పలకమీద బోర్లా పడుకున్నాను. వాడు తోశాడు. నురగ నన్నెత్తుకుని ఒడ్డుకి పరుగెత్తింది. మహా అయితే అయిదు సెకన్లు! నిలబడ్డం లేదు, గిలబడ్డం లేదు. అయినా, ఒట్టు, ఫస్ట్ డే ఫస్ట్ షో టిక్కెట్టు దొరికినప్పటి గెంతు గెంతాను.

వాడు రెండు గంటలు నీళ్ళల్లో వుంటే పలకమీద నిలబడ్డది మొత్తం కలిపి రెండు నిమిషాలు వుండదు. మిగతాదంతా చేతులతో తెడ్డు వేయడం, పడడం, లేవడం, ఎదురుచూడడం. సినిమావాళ్ళు ఆ రెండు గంటలు కత్తిరించి రెండు నిమిషాలు మనకి చూపిస్తారు. తప్పు వాళ్ళది కాదు. కత్తిరించారని మనం మర్చిపోవడమే తప్పు.

★

సినిమా అంటే గుర్తొచ్చింది. లిండా మార్‌కి దక్షిణాన, కారులో కొద్దిసేపటి దారిలో, మావెరిక్స్ అనే రాకాసి అలల చోటుంది. 2012లో వచ్చిన 'చేజింగ్ మావెరిక్స్' ఆ కథే. జే మోరియారిటీ అనే పదహారేళ్ళ కుర్రాడు 1994 డిసెంబరులో అక్కడ పెద్ద అల మీంచి పడి బతికి బయటపడ్డాడు. ఆ పడుతున్న ఫొటో పత్రిక ముఖచిత్రమై వాణ్ణి ప్రపంచానికి చూపించింది. ఆ సినిమాలో గురువు శిష్యుడికి ముందు నేర్పేది అలమీద నిలబడ్డం కాదు... ఊపిరి పట్టడం, భయాన్ని పట్టడం, సముద్రాన్ని చదవడం. గురువు వేషం వేసిన గెరార్డ్ బట్లర్ 2011 డిసెంబరులో షూటింగు కోసం అక్కడ దిగి, వరస అలల కింద చిక్కి ఆసుపత్రి పాలయ్యాడు. అంత పెద్ద హీరోనే!

ఇంకో సంగతి. జే పడి లేచిన కొద్ది రోజులకే, 1994 డిసెంబరు 23న, మార్క్ ఫూ అనే హవాయి దిగ్గజం అక్కడే చనిపోయాడు. ఆ అల ఆ చోటికి పెద్దదేం కాదు. జే కూడా 2001లో, ఇరవై మూడో పుట్టినరోజుకి ఒక్కరోజు ముందు, మాల్దీవుల్లో పోయాడు. అలలమీద కాదు, ఊపిరి బిగబట్టి ఒంటరిగా నీటి అడుక్కి మునిగే సాధనలో. నీరు చిన్నదనీ, నెమ్మదైనదనీ నమ్మేముందు ఈ ఇద్దర్నీ తలుచుకోండి.

నిండు కుండ తొణకదంటారు. నిండు చెరువూ తొణకదు. శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారిన ముందుకు పోతే కొండపోచమ్మ సాగర్ వస్తుంది. 2025 జనవరి 11న హైదరాబాద్ నుంచి ఏడుగురు స్నేహితులు సరదాగా వెళ్ళారు. నీళ్ళల్లోకి దిగినవాళ్ళలో అయిదుగురు తిరిగి రాలేదు. అక్కడ అలా లేదు, రిప్పూ లేదు. తొణకని నీరే.

మా నాయన కాలంలో నడుముకి బెండ్లు కట్టి బావిలో దింపేవాళ్ళు. పదేళ్ళకే పిల్లలకి ఈత వచ్చేది. మా వైపు బావులు పూడి ప్లాట్లయ్యాయి. ఈత పోయింది గాని నీళ్ళ సరదా మాత్రం పోలేదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

అక్కకి ఫోన్ చేసి ఏం చెప్పానంటారా? "వాడు దిగేముందు అరగంట కూర్చుని చూస్తున్నాడక్కా. నువ్వు నిశ్చింతగా పడుకో" అన్నాను.

చెరువు కట్టమీది కుర్రాళ్ళకి ఈ కథంతా చెప్పాను. చీకటి పడింది, షాట్ క్యాన్సిల్. థర్మాకోల్ పలక మళ్ళీ చంకెక్కింది. బైకు స్టార్ట్ చేస్తూ ఒకడు అడిగాడు: "ఇంతకీ మీకు ఈత వచ్చా అంకుల్?"

దొరికిపోయాను! "నేర్చుకుంటున్నా. నాలుగో నెల. ఈ మధ్యే కొలను గోడ వదిలాను" అన్నాను.

"యాడ నేర్పుతరు? ఫీజెంత?" అన్నాడు.

చెప్పాను. రాసుకున్నాడు కూడా. మీరూ కనుక్కోండి, మీ వూళ్ళో ఎక్కడ నేర్పుతారో. ఆ తర్వాత విశాఖ వెళ్ళండి, పలకెక్కండి, పడండి, లేవండి. ఫొటో నాకు పంపండి... తప్పకుండా చూస్తాను.

మళ్ళీ వారం కలుద్దాం.