తాగుడా, పేకాటా... పాత కారే కదా!

"పోనీలే వదినా, తాగుడా? పేకాటా? ఓ పాత కారే కదా!"

ఈ రెండేళ్ళలో నాతో ఈ మాట అనని మనిషి లేదు. అమ్మ ఫోనులో అంది. అత్తయ్యగారు మా దగ్గరున్న ఆరు నెలలూ, గ్యారేజీలో ఏదన్నా కిందపడి ఠంగుమన్నప్పుడల్లా అన్నారు. శనివారాలు పిల్లల్ని కూచిపూడి క్లాసులో దింపి బయట కబుర్లు చెప్పుకునే మా ఆడవాళ్ళ జట్టులో అయితే ఇది ఆశీర్వచనంలా వినిపిస్తూ ఉంటుంది.

నాకీ కొలత నచ్చదు. అన్నంలో రాయి తగల్లేదు కాబట్టి వంట అమోఘం అన్నట్టుంటుంది. మొగుడికి తాగుడు లేకపోవడమే గొప్ప గుణమైపోయి, ఆ పేరున శనాదివారాలూ, డబ్బూ, ఇంట్లో చోటూ అన్నీ చెల్లిపోతాయి. ఇంకొందరు ఉన్నారు, "గట్టిగా ఓ పోట్లాట పెట్టి అమ్మించెయ్యక!" అనేవాళ్ళు. వాళ్ళతోనూ నాకు పేచీయే. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ కారు సంగతి చెప్పాలి.

మాది డాలస్ పక్కన ఊరు. రెండేళ్ళ క్రితం దీపావళికి వారం ముందు మావారు పక్కవీధిలో ఉండే ఓ పెద్దాయన దగ్గర 1992 నాటి మాజ్దా మియాటా కొనుక్కొచ్చారు. మాజ్దా అంటే నాకు తెలిసింది మన ఊళ్ళో స్కూలు పిల్లల్ని ఎక్కించుకుని వెళ్ళే స్వరాజ్ మాజ్దా ఒక్కటే. ఇది చూస్తే ఇద్దరే పట్టే బొమ్మకారు. పైన గుడ్డ టాపు. స్విచ్ నొక్కితే నిద్రలోంచి లేచినట్టు హెడ్‌లైట్లు పైకి లేస్తాయి. 1989లో షికాగో మోటార్ షోలో మొదటిసారి చూపించారట. జపాన్‌లో దీన్ని యూనోస్ రోడ్‌స్టర్ అంటారు. 2016 నాటికి ఈ వరస కార్లు పది లక్షలు తయారయ్యాయి. పాతవాటిని కంపెనీయే బాగుచేసి ఇస్తామని 2017లో జపాన్‌లో ప్రకటించింది కూడాను. ఇవన్నీ నేను అడక్కుండానే మావారు నాకు చెప్పిన సంగతులు. నేను అడిగింది ఒక్కటే, "మన వ్యాను ఎక్కడ పెడతాం?"

బయట పెట్టాం. మార్చిలో వడగళ్ళు పడ్డాయి. ఈ ప్రాంతంలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇక్కడి వడగళ్ళు మన ఊళ్ళో చేతులు చాపి ఏరుకునేలాంటివి కావు. పిల్లల్ని బడికి దింపే, సరుకులు మోసే, నలుగురమూ తిరిగే మా వ్యాను పైకప్పంతా గుంటలు పడిపోయింది. ముందు అద్దం పగిలింది. ఇన్సూరెన్సు వాళ్ళు ఇచ్చింది పోను మా చేతినుంచి వెయ్యి డాలర్లు కట్టాం. కదలని కారు మాత్రం గ్యారేజీలో దుప్పటి కప్పుకుని భద్రంగా ఉంది. ఆ రోజు నాకు కోపం రాలేదంటే అబద్ధం. "తాగుడు లేదు కదా" అన్న మాట ఆ రోజు ఎవరన్నా అనుంటే ఏమనుందునో!

వ్యాను కంటే నన్ను భయపెట్టింది ఇంకోటి. ఓ ఆదివారం ఉతికిన బట్టలు తీసుకుని గ్యారేజీలోంచి వెళ్తుంటే కారు కిందనుంచి మావారి కాళ్ళు కనిపించాయి. కారుని మోస్తున్నది ఒకే ఒక్క జాకీ. దాదాపు టన్ను బరువు. ఇది చాలదన్నట్టు ఆయన విప్పుతున్నది పెట్రోలు ఫిల్టరు. అది ఈ కారుకి కింద, వెనక చక్రం దగ్గర ఉంటుంది. విప్పితే పెట్రోలు కారుతుంది. ఆరడుగుల దూరంలో మా గ్యాస్ వాటర్ హీటరు, దాని అడుగున ఎప్పుడూ వెలిగే చిన్న మంట. అరవలేదు. బట్టల బుట్ట కింద పెట్టి అక్కడే నేల మీద కూర్చున్నాను. "మీరు బయటికి వచ్చేదాకా నేనూ ఇక్కడే" అన్నాను. పాపం, వచ్చారు.

ఆ సాయంత్రం మా ఇంట్లో కొన్ని మాటలు జరిగాయి. జాకీ ఎత్తడానికే గానీ మోయడానికి కాదు. కింద దూరేముందు రెండువైపులా ఇనప స్టాండ్లు ఉండాలి, పక్కనుంచి ఓసారి గట్టిగా ఊపి చూడాలి. పెట్రోలు పని గ్యారేజీలో కుదరదు, వాకిట్లోనే. వడగళ్ళ హెచ్చరిక వస్తే వ్యాను లోపల, బొమ్మకారు బయట. ఖర్చుకి నెలకింత అని నేను కూడా చూసే లెక్క. ఆయన అన్నిటికీ తల ఊపారు, చివరిదానికి మాత్రం కొంచెం ఆలస్యంగా.

లెక్క నేను రాయడం మొదలుపెట్టాక అసలు రోగం బయటపడింది. కారు రోగం కాదు, మావారిది. అప్పట్లో కారు స్టార్టవుతోంది, నిలబెట్టి ఉంచితే గంటసేపైనా ఆడుతోంది. సిగ్నల్ దగ్గర ఆగి, క్లచ్ వదిలి కదలబోతే మాత్రం ఎక్కిళ్ళు వచ్చినట్టు ఊగి ఆగిపోతోంది. వెనక కార్ల హారన్లు. ఆయన ఓ వీడియో చూసి ఫిల్టరు మార్చారు. ఇంకోటి చూసి స్పార్క్ ప్లగ్గులూ వాటి తీగలూ మార్చారు. తరవాత కాయిల్. ఆ తరవాత పెట్రోలు పంపు. నాలుగు నెలల్లో ఏడువందల డాలర్లు దాటింది, ఎక్కిళ్ళు ఎక్కడివక్కడే. తలనొప్పి వస్తే మందులషాపులో కనపడిన మాత్రలన్నీ మింగడం లాంటిది ఇది.

ఇడ్లీపిండి పొంగకపోతే మనం ఏం చేస్తాం? బియ్యం, మినప్పప్పు, గ్రైండరు అన్నీ ఒకేసారి మార్చం. నిన్న చలిగా ఉందా, ఉప్పు ముందు వేశామా, పప్పు పాతదా అని ఒక్కోటీ ఆలోచిస్తాం. కుక్కరు కూత రాకపోతే కొత్త కుక్కరు కొనం, ముందు గాస్కెట్ తీసి చూస్తాం. ఆలోచించే పద్ధతి అదే. మనం దానికి పేరు పెట్టలేదు, అంతే. పాలవాడి లెక్కలా నేను కారుకీ ఓ నోటుపుస్తకం పెట్టాను: ఏ రోజు, ఎండా వానా, ఇంజను చల్లగా ఉందా వేడిగా ఉందా, ఎక్కడ ఆగింది, అప్పుడు కారు ఏం చేస్తోంది. పక్కసీట్లో కూర్చుని నేను రాసేదాన్ని. నేను లేనప్పుడు మా అమ్మాయి. దానికి పదహారేళ్ళు.

మూడు వారాల తరవాత ఆ పుస్తకం తిరగేసి అడిగింది అదే. "నాన్నా, రివర్స్‌లో ఒక్కసారి కూడా ఆగలేదేంటి?"

నిజమే. రోజూ గ్యారేజీలోంచి వెనక్కి తీసేది కదా, ఒక్కనాడూ ఆగలేదు. ముందుకి కదిలేటప్పుడే. మావారు కాసేపు మాట్లాడలేదు. తరవాత చెప్పారు. క్లచ్ వదిలినప్పుడు బరువు పడి ఇంజను తన దిమ్మల మీద ఓ పక్కకి ఒరుగుతుంది. వెనక్కి వెళ్ళేటప్పుడు రెండో పక్కకి. అంటే ఇంజను ఒకవైపు ఒరిగినప్పుడు మాత్రమే ఏదో సాగుతోంది, లేదా తెరుచుకుంటోంది.

ఈ కారులో లోపలికి వెళ్ళే గాలిని కొలిచే పెట్టె ఒకటి ఉంటుంది. అందులో చిన్న రేకు తలుపు, గాలి తోస్తే తెరుచుకుంటుంది. ఎంత తెరుచుకుందో చూసి కంప్యూటరు అంత పెట్రోలు వదులుతుంది. ఆ పెట్టె నుంచి ఇంజనుకి ముడతల ముడతల రబ్బరు గొట్టం వెళ్తుంది. ఆ గొట్టానికి చిల్లు పడిందనుకోండి, కొలతకి రాని గాలి దొంగదారిన దూరుతుంది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. పైగా పెట్టెలో తలుపు మూసుకుపోతే పెట్రోలు పంపు కూడా ఆగుతుంది, ఆ పంపు స్విచ్ కూడా ఆ తలుపుకే ఉంది మరి.

పైనుంచి టార్చి వేసి చూస్తే గొట్టం బంగారంలా ఉంది. మా అమ్మాయి చెయ్యి కిందకి పోనిచ్చి ఒక్కో ముడతా వేళ్ళతో తడిమింది. చెయ్యి సన్నం కాబట్టి పట్టింది. అడుగున రెండు ముడతల మధ్య బొటనవేలంత చీలిక! ఇంజను కదలనప్పుడు పెదవులు మూసుకున్నట్టు ఉంటుంది. ఒరిగితే నోరు తెరుస్తుంది. ముప్పై ఏళ్ళ రబ్బరు, టెక్సాస్ ఎండ, చీలకేం చేస్తుంది?

వెంటనే కొత్తది ఆర్డరు పెట్టబోయారు. ఆగమన్నాను. ముందు టేపు చుట్టి నాలుగు వీధులు తిరిగిరండి, ఆగకపోతే అప్పుడు కొందాం. తిరిగొచ్చారు. ఆగలేదు. గొట్టానికి అయింది అంతకుముందు వేసిన పంపు ఖర్చులో మూడోవంతు కూడా కాదు.

"గట్టిగా పోట్లాడి అమ్మించెయ్" అనేవాళ్ళతో నాకు పేచీ ఇక్కడే. ఆ రోజు అమ్మేసి ఉంటే మా అమ్మాయి ఆ ప్రశ్న అడిగేది కాదు. లెక్కల్లో మార్కులు రావడం వేరు, చేతికి మసి అంటించుకుని "ఇది ఎందుకు ఇలా అవుతోంది" అని ఓ వస్తువుని నిలదీయడం వేరు. మా నాన్న చేతక్ స్కూటర్ని పక్కకి వంచి కిక్కు కొట్టేవారు. వంచితే ఎందుకు స్టార్టవుతుందో అన్నయ్యకి చెప్పారు. నేనూ అక్కడే నిలబడి ఉన్నాను, నాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. "అమ్మా, నువ్వు లోపలికెళ్ళి మంచినీళ్ళు పట్రా" అన్నారు. నలభై ఏళ్ళు దాటాక గ్యారేజీలో పానాలు అందిస్తూ, కొలతలు చదువుతూ నేర్చుకుంటున్నాను. కాబట్టి మీ ఇళ్ళలో ఇలాంటి పిచ్చి ఒకటి ఉంటే నా సలహా, టీ కప్పు అందించి వెనక్కి రాకండి, అక్కడే ఓ స్టూలు వేసుకోండి. ఆడపిల్లని తీసుకెళ్ళండి. నచ్చకపోతే లేచి వచ్చేయొచ్చు. కానీ లెక్కపుస్తకం మాత్రం మీ చేతిలో ఉండాలి.

కారు నడిచాక ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ మావారి భుజం తట్టారు. నేను ఏళ్ళ తరబడి బాగుచేసిన మిక్సీలూ, కుట్టుమిషనూ, గ్రైండరు బెల్టూ చూసి ఎవరూ భుజం తట్టిన గుర్తు లేదు. ఏదో గుర్తొచ్చి రాశాను, వదిలేయండి.

కొనాలనుకునేవాళ్ళకి ఒక్క ముక్క. ఇంజను సంగతి తరవాత, ముందు వెనక చక్రానికి కాస్త ముందు, తలుపు కింద ఉండే రేకుని వేలితో నొక్కి చూడండి. గుడ్డ టాపు మీద పడిన వాననీళ్ళు సీట్ల వెనక రెండు సన్న గొట్టాల గుండా కిందికి పోవాలి. ఆకులు అడ్డుపడితే ఆ నీళ్ళు రేకుల మధ్య నిలిచి లోపల్నుంచి తుప్పు తింటుంది. బయటి రంగు చూసి మోసపోవడం సంబంధాలప్పుడే కాదు, కార్లప్పుడూ ఉంది. మా దానికి ఓవైపు మొదలైంది, ఇంకా బాగుచేయించలేదు. ఆ గొట్టాల్లోంచి ఆకులు లాగే పని వానలకి ముందు నాదే.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను. మా అమ్మాయికి లైసెన్సు వచ్చింది. గేర్ల కారు నడపడం నాన్న దగ్గర ఖాళీ పార్కింగ్ స్థలంలో నేర్చుకుంది. ఇప్పుడు ఆ కారులోనే స్కూలుకి వెళ్తానంటోంది. "దాని జబ్బు కనిపెట్టింది నేను, అంటే అది నాది కూడా కదా!" అంటోంది. మాట న్యాయంగానే ఉంది. మావారూ దానివైపే.

నేను ఒప్పుకోలేదు. ఆ కారుకి డ్రైవరు ముందు ఒక్క ఎయిర్‌బ్యాగు ఉంది, పక్కసీటుకి లేదు, పక్కలకి అసలే లేదు. మా దాంట్లో ఏబీఎస్ కూడా లేదు. నెత్తిన గుడ్డ. ఉదయం ఏడున్నరకి ఇక్కడి రోడ్ల మీద తిరిగే పికప్ ట్రక్కుల ముందు భాగం, అందులో కూర్చున్న పిల్ల తలకాయ ఎత్తున ఉంటుంది. నేను పక్కసీట్లో కూర్చుని చాలాసార్లు చూశాను, చక్రం నట్లు లెక్కపెట్టొచ్చు. ఎంత బాగా మరమ్మతు చేసినా 1992లో పెట్టని భద్రత ఇప్పుడు రాదు. బాగుచేయడం నేర్చుకుంది కాబట్టి అందులో రోజూ తిరిగే హక్కు వచ్చిందంటే నాకు అర్థం కాదు. ఆదివారం పొద్దున్నే, నాన్న పక్కన ఉండగా, మా కాలనీ వెనక రోడ్ల మీద నడపమన్నాను. స్కూలుకి గుంటలు పడ్డ వ్యాను తీసుకెళ్ళమన్నాను. వ్యాను మాట వినగానే మొహం ఎలా పెట్టిందో చూడాలి.

"నీకు భయం ఎక్కువ" అన్నారు మావారు. జాకీ కింద దూరిన మనిషి ఆ మాట అనడం!

నాలుగు రోజులై అమ్మాయి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. అన్నం తింటోంది, పుస్తకంలో లెక్క రాస్తోంది, అంతే. కారు తాళం ప్రస్తుతం నా పోపులడబ్బా వెనకాల ఉంది. ఆ సంగతి దానికి తెలుసని నాకు తెలుసు. ఇంకా తియ్యలేదు.