సుప్రీంకోర్టే ఖరారు చేసిన ఉరి

ఘోరం జరిగిన ప్రతిసారీ ‘వెంటనే ఉరితీయండి’ అన్న డిమాండ్ వస్తుంది. ఆ కోపాన్ని తప్పుపట్టలేం. కానీ మహారాష్ట్రలో 2003లో అయిదుగురిని బలిగొన్న ఒక దోపిడీ కేసు చూడండి. సంచార తెగలకు చెందిన ఆరుగురికి కింది కోర్టు ఉరిశిక్ష వేసింది. ముగ్గురికి హైకోర్టు యావజ్జీవంగా తగ్గిస్తే, 2009లో సుప్రీంకోర్టు వాళ్లకూ ఉరే ఖాయం చేసింది. 2019లో అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులని తేల్చింది. దాడిలో గాయపడి బతికిన మహిళ పోలీసు ఆల్బమ్‌లోని ఫొటోలు చూసి వేరే నలుగురిని గుర్తుపట్టింది. పోలీసులు వాళ్ల జోలికే పోలేదు. ఇదేదో కొత్తగా తవ్వితీసిన సాక్ష్యం కాదు, రికార్డులో ఉన్నదే.

‘చివరికి తప్పు దిద్దారుగా, వ్యవస్థ పనిచేసినట్టే’ అంటారు. దిద్దగలిగింది వాళ్లు బతికున్నారు గనక. మనం రోజూ తిట్టిపోసే ఆలస్యమే వాళ్ల ప్రాణం నిలిపింది. ఏమాత్రం సందేహం లేని కేసుల్లోనే ఉరి వేద్దామంటారు మరికొందరు; 2009 తీర్పు రాసినవారికీ సందేహం లేదు మరి! బాధితుల సంగతేమిటన్న ప్రశ్న వీటికన్నా బరువైనది. 2007లో విజయవాడ దగ్గరి ఒక హాస్టల్‌లో జరిగిన విద్యార్థిని హత్యలో శిక్షపడిన యువకుణ్ని 2017లో హైకోర్టు నిర్దోషిగా వదిలేసింది. పడింది జైలుశిక్ష కాబట్టి అతను ఇల్లు చేరాడు, కేసు మళ్లీ దర్యాప్తుకెళ్లింది. అదే ఉరి అయ్యుంటే ఫైలు అక్కడితో మూతపడేది, అసలు హంతకుణ్ని వెతకమని అడిగే అవకాశం కూడా ఆ విద్యార్థిని తల్లిదండ్రులకు మిగిలేది కాదు.