తనకల్లు ఎఱ్ఱనేల

తనకల్లు 2022లో అనంతపురము జిల్లానుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లా మాఱినను కఱవు మాఱలేదు. ఈ పీఠభూమిపై ఏటి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు తఱచు వేళ తప్పును. ఇచ్చటి ఎఱ్ఱమన్ను పలుచనిది. దాని క్రింద గట్టి ఱాయి.

గత శతాబ్ది ఉత్తరార్ధమున ఈ మెట్టపొలములందు వేరుసెనగ మిక్కిలి వ్యాపించెను. అందులకు రైతును నిందింపరాదు: కాయ రొక్కమిచ్చెను, కాయ తీసిన కట్టె పశువులకు మేతయయ్యెను. కాని ఆ పైరును కోయరు, వేళ్లతో పెఱుకుదురు. కొయ్యకాలైనను మిగులదు. బోసిపోయిన చేనిలోని మన్ను గాలికి దుమ్మగును, వానకు వంకల పాలగును. అంగుళము మన్ను మరల ఏర్పడుటకు వందలయేండ్లు పట్టును.

బోరుబావియే శరణమని కొందఱందురు. నాకది సమ్మతము కాదు. మన్నే నిలువని చేనికి నీరు తోడి యేమి ప్రయోజనము? వాలునకు అడ్డముగా గట్లు వేయవలెను. వేసవిలో చెఱువు పూడికమన్ను పొలమునకు తోలవలెను. వేరుసెనగ సాళ్ల నడుమ కంది విత్తవలెను. కంది వేరు లోతునకు దిగును, రాలిన ఆకు ఎరువగును. వేరుసెనగ పెఱికిన పిదపను అది చేనిలో నిలిచియుండును. ఇక కొఱ్ఱలు, ఉలవలు తాతలనాటి పంటలు. వానిని పేదల తిండియని చులకన చేయుట, నా మాటలో, వట్టి అవివేకము.

మీ యూరి చెఱువున పూడిక యెంత లోతున్నదో పెద్దలనడిగి చూడుడు. అందు చేరిన మన్ను చాలవఱకు మీ పొలములనుండి కొట్టుకొనిపోయినదే.